ఏ విమానం, ఏ రోజు, ఎంత దూరం నుంచి

2024 మార్చి 18న అద్దంకికి దగ్గర్లో, కొరిశపాడు వద్ద, 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీలను పక్కకు మళ్లించి విమానాలకు దారి ఇచ్చారు. అక్కడ రహదారిలో 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పరిచిన భాగం ఒకటుంది. యుద్ధమో తుఫానో వచ్చి మామూలు రన్‌వేలు పనికిరాకుండా పోతే విమానాలు దిగడానికి భారత వైమానిక దళం కొలతలిచ్చి కట్టించుకున్న అత్యవసర రన్‌వే అది. దక్షిణ భారతంలో అలాంటిది అదే మొదటిది. 2022 డిసెంబరు 29న ఒకసారి పరీక్షించి చూశారు. 2024లో జరిగింది రెండో విడత. ఆ రోజు ఆన్-32, డోర్నియర్ రవాణా విమానాలు రోడ్డు మీద దిగి మళ్లీ ఎగిరాయి. సుఖోయ్-30లు, హాక్‌లు మాత్రం దిగలేదు. దిగబోతున్నట్టే కిందికి వచ్చి, రన్‌వే మీదుగా సాగి, మళ్లీ పైకి లేచిపోయాయి. వైమానిక దళం వాళ్లు దీన్ని ఓవర్‌షూట్ అంటారు.

గుంటూరు, ఒంగోలు మధ్య పత్తి చేలల్లో, మిరప కళ్లాల్లో పనిచేసేవాళ్లకు యుద్ధ విమానం అంటే అంతవరకు ఆకాశంలో చప్పుడు, టీవీలో బొమ్మ. బాపట్ల పక్కన సూర్యలంకలో వైమానిక దళం క్షిపణుల్ని పరీక్షించే కేంద్రం ఉంది. దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి విమానాశ్రయం మిగిలి ఉంది. అయినా సుఖోయ్ ఇంత తక్కువ ఎత్తులో, మనం రోజూ తిరిగే రోడ్డు మీదికి రావడం వేరు. దాన్ని చూసిన పిల్లలకు ఆ విమానాన్ని చేతులతో చేసి బల్ల మీద పెట్టుకోవాలనిపించడం సహజం. పెద్దలకూ అనిపిస్తుంది. అందుకు ప్లాస్టిక్ నమూనా కిట్లు దొరుకుతాయి. విడిభాగాలను కత్తిరించి, అతికించి, రంగు వేసి, గుర్తులు అంటించుకోవాలి. అయితే కొట్లోకో, ఆన్‌లైన్‌లోకో వెళ్లి వెతికితే సుఖోయ్ పేరుతోనే ఒక గుట్ట కనిపిస్తుంది. పెట్టె మీద బొమ్మ బాగున్నది కొనేయడం చాలామంది చేసే పని. నేను చెప్పేది దానికి తలకిందులు. ఏ విమానం, ఏ రోజు, ఎంత దూరం నుంచి చూస్తున్నట్టు కావాలి? ముందు ఈ మూడూ తేల్చుకోవాలి. పెట్టె సంగతి ఆ తర్వాత.

ఏ విమానం అన్న ప్రశ్న తేలిగ్గా కనిపించినా అసలు కష్టమంతా అక్కడే ఉంది. పక్షుల్ని గమనించేవాళ్లు పిట్టను చూడగానే రెక్క మీద చార, ముక్కు వంపు, తోక అంచు వెతుకుతారు. యుద్ధ విమానాన్నీ అలాగే గుర్తుపట్టాలి. సుఖోయ్-27 అనే సోవియట్ యుద్ధ విమానం నుంచి ఒక పెద్ద వంశం పుట్టింది. అందులో మనది సుఖోయ్-30 ఎంకేఐ. చివరి అక్షరం ఇండియాను సూచిస్తుంది. 2002లో మన దళంలో చేరింది. తర్వాత నాసిక్‌లోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) కర్మాగారంలో తయారైంది. దాని ఇంజన్లు మన పొరుగునే, ఒడిశాలోని కోరాపుట్‌లో తయారవుతాయి. దీన్ని గుర్తుపట్టే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. ఒకరి వెనుక ఒకరుగా ఇద్దరు పైలట్లు కూర్చుంటారు. వాళ్లకు వెనుకగా, పెద్ద రెక్కలకు ముందు, రెండు చిన్న రెక్కలుంటాయి. ముందు కాలికి జంట చక్రాలు. ఇంజన్ల వెనుక గొట్టాలు కదులుతాయి. పైలట్ వాటిని వంచి విమానాన్ని గాలిలో అతి తక్కువ చోటులో తిప్పగలడు.

ఇప్పుడు సుఖోయ్-30 ఎంకేకే అని రాసి ఉన్న పెట్టె కొన్నారనుకోండి. అది చైనా కోసం చేసిన రూపం. ముందు చిన్న రెక్కలు లేవు, గొట్టాలు వంగవు, తోక మీది రెండు నిలువు రెక్కల కొసలు చదరంగా కోసినట్టుంటాయి. దాన్ని ఎంకేఐగా మార్చాలంటే సగం విమానాన్ని మళ్లీ చెక్కాలి. సుఖోయ్-30 ఎస్‌ఎం అని ఉంటే మాత్రం మన పని సులువు. రష్యా తన సొంత దళం కోసం మన ఎంకేఐ నుంచే దాన్ని తయారు చేసుకుంది. ఆకారం దాదాపు ఒకటే. లోపలి పరికరాలు, యాంటెనాల్లో తేడాలుంటాయి. రష్యా సంస్థ జ్వెజ్దా 1/72 స్కేలులో, అంటే అసలు విమానంలో 72వ వంతు కొలతతో, ఎస్‌ఎం కిట్ చేస్తోంది. భారత గుర్తులు విడిగా తెచ్చుకుని అంటిస్తే ఎంకేఐకి బాగా దగ్గరగా వస్తుంది. పేరులో ఒకటి రెండు అక్షరాల తేడా చూసుకుంటే నెలల పని తప్పుతుంది.

హాక్‌ది కూడా ఇదే కథ. 2008లో బీదర్‌లో మన దళంలో చేరిన శిక్షణ జెట్ హాక్ 132. సూర్యకిరణ్ బృందం ఇప్పుడు విన్యాసాలు చేసేది కూడా ఈ విమానాలతోనే. బ్రిటిష్ సంస్థ ఎయిర్‌ఫిక్స్ పెట్టెల్లో ఎక్కువగా కనిపించేది హాక్ టి1. అది బ్రిటన్ పాత రూపం, రెడ్ యారోస్ బృందం ఎర్ర రంగులో ఎగరేసేది. దాని ముక్కు వేరు, మన హాక్ ముక్కు వేరు. ఎయిర్‌ఫిక్స్ 1/72లో హాక్ 128/132 అనే పెట్టె కూడా తెచ్చింది. వెతకాల్సింది దాన్ని. టి1 పెట్టెలోని విమానానికి త్రివర్ణ గుర్తు అంటిస్తే దూరం నుంచి చూసేవాళ్లకు తేడా తెలియకపోవచ్చు. కానీ ఆ విమానాన్ని ప్రేమించి చేసేవాళ్లకు ఆ ముక్కు రోజూ కళ్లకు గుచ్చుకుంటుంది.

ఏ రోజు అన్నది రెండో ప్రశ్న. 1971 డిసెంబరు 14 తీసుకోండి. ఆ రోజు ఢాకాలో గవర్నర్ భవనం మీద మన మిగ్-21లు దాడి చేశాయి. అవి ఎఫ్ఎల్ రకానివి. అదే రోజు శ్రీనగర్‌లో నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ ఒక నాట్ విమానంలో పైకి లేచి, పాకిస్తాన్ సేబర్ జెట్లతో ఒంటరిగా పోరాడి నేలకొరిగారు. వైమానిక దళంలో పరమ వీర చక్ర పొందినది ఆయన ఒక్కరే. ఆ రోజును బల్ల మీదికి తేవాలంటే నాట్ అని పేరున్న కిట్ చాలదు. ఎయిర్‌ఫిక్స్ నాట్ టి1 ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం. సెఖోన్ నడిపింది ఒక్కరు కూర్చునేది. మిగ్-21కీ అంతే. ఎఫ్ఎల్‌కు వీపు సన్నగా ఉంటుంది. తర్వాత వచ్చిన బిస్ రకానికి వీపు లావెక్కింది. 1963లో మన దళంలో చేరిన మిగ్-21, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరి వీడ్కోలు తీసుకునేదాకా ఎన్నో రూపాలు మారింది. చెక్ సంస్థ ఎడ్వార్డ్ ఆ రూపాల్లో చాలావాటిని 1/48లో విడివిడిగా చేసింది. మన 1971 విమానం కావాలనుకుంటే పెట్టె మీద బిస్ అని ఉన్నది పక్కన పెట్టాల్సిందే.

ఇదే ప్రశ్న కొరిశపాడుకు వేసి చూడండి. ఆ రోజు సుఖోయ్ రోడ్డు మీద దిగలేదు కదా. మరి దాన్ని కాంక్రీటు మీద చక్రాలతో నిలబెట్టి, పక్కన మైలురాయి పెట్టి, కొరిశపాడు 2024 అని రాస్తే అది జరగని సంగతి. జరిగింది చూపించాలంటే విమానం గాలిలో ఉండాలి. అంటే కిట్‌లో నిలబెట్టే స్టాండ్ ఉందా, లేకపోతే కింద కమ్మీ గుచ్చడానికి చోటుందా, లోపల కూర్చోబెట్టడానికి ఇద్దరు పైలట్ల బొమ్మలున్నాయా అని చూడాలి. పైలట్లు లేని విమానం గాలిలో ఉంటే చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ రోజు తీసిన ఫోటోల్లో చక్రాలు ఎలా ఉన్నాయో చూసి కిట్ చక్రాల్ని అలాగే అమర్చాలి. ఒక తేదీని నిజాయితీగా పట్టుకుంటే కొనాల్సిన వస్తువుల జాబితా దానంతట అదే తయారవుతుంది.

ఇక స్కేలు. 1/72 అంటే అసలు విమానంలో 72 సెంటీమీటర్లు నమూనాలో ఒక సెంటీమీటరు. అంగుళానికి ఆరడుగులు అన్న లెక్క నుంచి వచ్చిన సంఖ్య ఇది. సుఖోయ్-30 ఎంకేఐ పొడవు 21.935 మీటర్లు, రెక్కల చివరి నుంచి చివరికి 14.7 మీటర్లు. 1/72లో అది 30.5 సెంటీమీటర్ల పొడవు, 20.4 సెంటీమీటర్ల వెడల్పు. స్కూలు పిల్లల స్కేలు కన్నా ఒక పిసరు పొడవు. 1/48లో 45.7 సెంటీమీటర్లు. 1/32లో 68.5 సెంటీమీటర్లు. ఈ చివరిది పెట్టాలంటే అలమరలో ఒక అర మొత్తం దీనికే కేటాయించాలి. 1/144లో 15 సెంటీమీటర్లు, అరచేతిలో ఇముడుతుంది. మధ్యతరగతి ఇంట్లో, అలమర కొసన కాస్త చోటు మాత్రమే ఉన్నవాళ్లకు సుఖోయ్ లాంటి పెద్ద విమానం 1/72లోనే అందం. హాక్ చిన్నది. పొడవు సుమారు 12.4 మీటర్లు కాబట్టి 1/72లో 17 సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని 1/48లో చేసినా 26 సెంటీమీటర్లే.

స్కేలు ఏమిటో ఒంటికి తెలియాలంటే రన్‌వేను కూడా అదే లెక్కలో కుదించి చూడాలి. కొరిశపాడు రన్‌వే 4.1 కిలోమీటర్లు. 72తో భాగిస్తే 57 మీటర్లు. వెడల్పు 33 మీటర్లను భాగిస్తే 46 సెంటీమీటర్లు. మన ఊళ్లలో హైస్కూలు ఆవరణలోనో, మిరపకాయలు ఎత్తేసిన తర్వాత ఖాళీ అయిన కళ్లంలోనో 57 మీటర్ల జాగా దొరుకుతుంది. సున్నంతో 46 సెంటీమీటర్ల ఎడంగా రెండు గీతలు గీయండి. ఒక కొసన 1/72 సుఖోయ్‌ను ఆ గీతల మధ్య పెట్టండి. రెక్కల వెడల్పు 20 సెంటీమీటర్లు కాబట్టి ఒక్కో పక్క మిగిలేది 13 సెంటీమీటర్లు కూడా లేదు. అసలు రోడ్డు మీద అది 9 మీటర్లు. ఇప్పుడు రెండో కొసకు నడిచి వెళ్లి అక్కడి నుంచి విమానాన్ని చూడండి. గంటకు వందల కిలోమీటర్ల వేగంతో వచ్చే పైలట్‌కు ఆ పట్టీ ఎంత సన్నగా కనిపిస్తుందో ఏ పాఠ్యపుస్తకం కన్నా ఇది బాగా చెబుతుంది. సైన్సు మాస్టార్లు ఒక పీరియడ్ దీనికి ఇస్తే నిష్పత్తులు పిల్లలకు జన్మలో మరుపుకు రావు.

పొడవు 72వ వంతు అయితే ఉపరితలం 72 సార్లు 72, అంటే 5,184వ వంతు. ఘనపరిమాణం 3,73,248వ వంతు. సుఖోయ్ నిండా ఇంధనం, ఆయుధాలు వేసుకుని ఎగిరే గరిష్ఠ బరువు 38,800 కిలోలు. దాన్ని 3,73,248తో భాగిస్తే 104 గ్రాములు. అంటే నమూనా బరువు స్కేలు ప్రకారం ఉండాలంటే నూరు గ్రాములకు కాస్త ఎక్కువ తూగాలి. 1/48లో అదే 351 గ్రాములు. స్కేలు కాస్త పెరిగితే బరువు మూడు రెట్లకు పైగా పెరిగిపోయింది. పెద్ద స్కేలు కిట్లలో కాళ్లు వంగిపోవడం, లోహపు కాళ్లు విడిగా అమ్మడం ఈ లెక్క వల్లే. జంతువు పెద్దదయ్యేకొద్దీ ఎముకలు ఇంకా లావుగా ఉండాలని గెలీలియో చెప్పిన సూత్రమే ఇక్కడ ప్లాస్టిక్ కాలికి వర్తిస్తుంది.

ఎంత దూరం నుంచి అన్న మూడో ప్రశ్న నాకు అన్నిటికన్నా ఇష్టం. 1/72 నమూనాను 10 మీటర్ల దూరంలో పెట్టి చూస్తే, అసలు విమానం 720 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు కంటికి ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. 1942లో అమెరికా నౌకాదళం ఈ సూత్రాన్నే వాడుకుంది. శత్రు విమానాన్ని ఆకారంతో గుర్తుపట్టడం సైనికులకు నేర్పాలి. అందుకు 5 లక్షల నమూనాలు 1/72 స్కేలులో చెక్కతో చేసి ఇవ్వమని దేశంలోని బడి పిల్లలను కోరింది. వాటికి నల్ల రంగు వేశారు. వివరాలు అక్కర్లేదు, నీడ లాంటి ఆకారం చాలు.

అదే నమూనాను చేతిలో పట్టుకుని 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూశారనుకోండి. అప్పుడు మీరు అసలు విమానానికి 21.6 మీటర్ల దూరంలో నిలబడ్డట్టు. మామూలు కన్ను విడదీసి చూడగలిగేది కోణంలో సుమారు ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 21.6 మీటర్ల దగ్గర అది ఆరు మిల్లీమీటర్లు. విమానం పైరేకుల మధ్య ఉండే అతుకు సందు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ముదురు మరకతోనో నీడతోనో ఆ గీత ఉందని లీలగా తెలుస్తుంది తప్ప, సందుగా కనిపించదు. ఇప్పుడు కిట్‌లోకి రండి. అచ్చులో ఆ అతుకును 0.2 మిల్లీమీటర్ల గాడిగా చెక్కారనుకుందాం. దాన్ని 72తో గుణిస్తే 14.4 మిల్లీమీటర్లు. చూపుడు వేలు పట్టేంత కందకం. ఏ విమానానికీ ఒంటినిండా అలాంటి కందకాలుండవు. అందుకే గీతలు లోతుగా, ధీమాగా కనిపించే కిట్ కన్నా, వేలి గోరు తగిలితే తప్ప తెలియని సన్నని గీతలున్న కిట్ మేలైనది. ఇంకో రకం పాత కిట్లలో గీతలు గాడిగా కాక పైకి ఉబ్బి ఉంటాయి. అతుకు దగ్గర గరుకు కాగితంతో రుద్దగానే అవి అరిగిపోతాయి, మళ్లీ వేయడం పెద్ద పని. రెక్క వెనుక అంచు కూడా ఇలాగే చూడాలి. 0.4 మిల్లీమీటర్ల అంచు అసలు లెక్కలో 29 మిల్లీమీటర్లు. పలక అంచంత మొద్దుగా ఉందనిపిస్తే ఆ కిట్ తయారీలో శ్రద్ధ తక్కువని అర్థం.

రంగు గురించి నమూనాలు చేసేవాళ్లలో పెద్ద వాదన నడుస్తుంది. అసలు విమానం రంగునే నమూనాకు వేస్తే ముదురుగా కనిపిస్తుందని, కాస్త తెలుపు కలపాలని ఒక పక్షం. మధ్యలో గాలి పొర వల్ల దూరపు వస్తువులు పాలిపోతాయి కాబట్టి అని వాళ్లు చెప్పే కారణం. 20 మీటర్ల దూరానికి గాలి చేసే తేడా ఏమీ ఉండదు. అసలు కారణం వెలుతురు. ఎండలో విమానం మీద పడేది సుమారు లక్ష లక్స్ వెలుగు. మన గదిలో ట్యూబ్‌లైటు కింద కొన్ని వందలు. ఆ మసక వెలుగులో ఏ బూడిద రంగైనా బరువుగా కనిపిస్తుంది. కాబట్టి తెలుపు కలపడం సబబే, కారణమే వేరు. ఎంత కలపాలో మీ అలమర మీద పడే వెలుగు చెప్పాలి. కిటికీ పక్కన పెట్టేవాళ్లు తక్కువ కలపండి. ఎండ నేరుగా పడే చోట మాత్రం పెట్టకండి, గుర్తుల రంగులు కాలక్రమంలో వెలిసిపోతాయి.

గుర్తుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చూసుకోవాలి. భారత వైమానిక దళ గుర్తులో మధ్య ఆకుపచ్చ, చుట్టూ తెలుపు, బయట కాషాయం. అచ్చు వేసేటప్పుడు మూడు రంగులూ కేంద్రం మీద సరిగ్గా కూర్చోకపోతే ఒక పక్క తెలుపు లావుగా, మరో పక్క సన్నగా కనిపిస్తుంది. పెట్టెలోని కాగితాన్ని భూతద్దంతో చూస్తే వెంటనే తెలిసిపోతుంది. తెల్ల వలయం మరీ పలుచగా ఉంటే కింది బూడిద రంగు దానిలోంచి బయటికి తొంగి చూస్తుంది.

ఈ ప్లాస్టిక్ ఎక్కడిది, ఎలా తయారవుతుంది అన్నది తెలిస్తే పెట్టె తెరవగానే దేన్ని పరీక్షించాలో తెలుస్తుంది. ఇది పాలీస్టైరీన్. దాన్ని కరిగించి, జంతికల గొట్టంలో పిండిని నొక్కినట్టు, పెద్ద ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి నెడతారు. చల్లారగానే అచ్చు రెండు ముక్కలుగా విడిపోతుంది. లోపలున్న సూదుల్లాంటి కడ్డీలు భాగాన్ని బయటికి తోస్తాయి. ఆ కడ్డీలు తగిలిన చోట గుండ్రని మరకలు మిగులుతాయి. మంచి సంస్థలు ఆ మరకలు కంటికి కనిపించని వైపు పడేలా అచ్చు గీస్తాయి. ప్లాస్టిక్ మందంగా ఉన్నచోట చల్లారేటప్పుడు లోపలికి కుంగి గుంట పడుతుంది. అచ్చు అరిగిపోతే రెండు ముక్కల సందులోంచి ప్లాస్టిక్ పలుచని పొరగా బయటికి పాకుతుంది. ఈ మూడూ చూడాలి. ముఖ్యంగా మూడోది కనిపిస్తే అచ్చుకు వయసైపోయిందని గుర్తు. ఉక్కు అచ్చు చెక్కడానికి చాలా ఖర్చవుతుంది కాబట్టి కంపెనీలు దాన్ని దశాబ్దాల పాటు వాడతాయి, ఒకరి అచ్చును మరొకరు తమ పెట్టెలో అమ్మడమూ ఉంది. కొత్త పెట్టె, కొత్త బొమ్మ, లోపల పాత అచ్చు. పెట్టె ఎప్పటిదని కాదు, అచ్చు ఎప్పటిదని అడగాలి.

తక్కువ సంఖ్యలో చేసే చిన్న సంస్థల కిట్లు వేరే జాతి. మెత్తని అచ్చులు, తక్కువ ఒత్తిడి. భాగాలు ఒకదానికొకటి కూర్చోవడానికి ఉండాల్సిన ముల్లు, రంధ్రం వాటిలో చాలాసార్లు ఉండవు. అయితే పెద్ద సంస్థలు తిరిగి చూడని విమానాలను ప్రపంచానికి ఇచ్చేది ఇవే. నాట్ నుంచి హెచ్‌ఏఎల్ అభివృద్ధి చేసిన అజీత్ విమానాన్ని 1/72లో చేసింది చెక్ దేశపు స్పెషల్ హాబీ. మన సొంత విమానం కావాలనుకునేవాళ్లు చివరికి ఇలాంటి కిట్ల దగ్గరికే రావాలి. కానీ చేయి తిరిగాకే రావాలి.

పెట్టె తెరిచాక మొదటి పని జిగురు ముట్టకుండా విమానం ఒంటి రెండు సగాలను ఒకదానికొకటి చేర్చి పట్టుకోవడం. అతుకు మీదుగా గోరు పోనివ్వండి. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతే సంతోషం. ముక్కు దగ్గర సరిపోయి తోక దగ్గర విచ్చుకుంటే భాగం వంకరపోయింది. రెక్కను చేర్చి దీపానికి అడ్డంగా పట్టి చూడండి, వెలుగు సన్నగా కారే చోటల్లా తర్వాత పుట్టీ పెట్టి రుద్దాల్సిన చోటే.

గుంటూరు, ప్రకాశం ఎండలు ఈ పనిలో ఎంత జోక్యం చేసుకుంటాయో పుస్తకాల్లో రాయరు. అవి చల్లని దేశాల్లో రాసినవి. పాలీస్టైరీన్ మెత్తబడేది వంద డిగ్రీల దగ్గరలో. అయినా ఎండలో నిలిపిన కారులో పెట్టె వదిలేస్తే, సన్నని పొడవు భాగాలు అంతకన్నా తక్కువ వేడికే నెమ్మదిగా వంకరపోతాయి. కొరియర్‌లో మే నెలలో వచ్చిన పెట్టెను అందుకే ముందు వంకర కోసం చూడాలి. ఈ కిట్లకు వాడే జిగురు మామూలు జిగురు కాదు. అది ప్లాస్టిక్‌ను కొంచెం కరిగించే ద్రావకం. రెండు వైపులా అణువుల గొలుసులు కలగలిసి, ద్రావకం ఆవిరైపోయాక ఒక్కటే ముక్క అవుతుంది. నలభై రెండు డిగ్రీల మధ్యాహ్నం ఆ ద్రావకం పని పూర్తి చేయకముందే ఎగిరిపోతుంది. స్ప్రే రంగు గన్ను నుంచి బయలుదేరి విమానం చేరేలోపే గాలిలో ఆరి ఇసుక చల్లినట్టు పడుతుంది. వేసవిలో ఈ పనులన్నీ తెల్లవారుజామున, కిటికీలు తెరిచి, ముఖానికి మాస్క్ కట్టుకుని చేయాలి. బాపట్ల, చీరాల తీరంలో సమస్య తేమ. పైన వేసే లక్క వార్నిష్ తేమ పట్టి పాలలా తెల్లబడుతుంది. వాన ముసురులో వార్నిష్ జోలికి పోవద్దు. పైలట్ల మీది గాజు మూతకు మాత్రం ఫెవిక్విక్ లాంటి తక్షణ జిగురు వాడకండి. దాని ఆవిరి మూత లోపల తెల్లని పొరగా పేరుకుంటుంది. మూతకు తెల్ల ఫెవికాల్ చాలు. ఆరాక కనిపించదు, పొరపాటైతే నీటితో తుడిచేయొచ్చు.

మొదటిసారి జెట్ చేసేవాళ్లను ఏడిపించేది ముక్కు బరువు. అన్నీ అతికించి, రంగు వేసి, చక్రాల మీద నిలబెట్టగానే విమానం వెనక్కి, తోక మీద కూలబడుతుంది. అసలు విమానంలో ముందు భాగంలో పరికరాలు, సీట్లు, మనుషులు ఉంటారు. కిట్‌లో అదంతా బోలు. ప్లాస్టిక్ ఎక్కువగా ఉండేది రెక్కలు, తోక వైపు. అందువల్ల గరిమనాభి వెనుక చక్రాల కన్నా వెనక్కి జారుతుంది. మందు చిన్నదే. ముక్కు లోపల సైకిలు బేరింగ్ గుళ్లో, చిన్న నట్లో ఫెవికాల్‌తో అంటించాలి. ముక్కు చివరికి ఎంత దగ్గరగా పెడితే అంత తక్కువ బరువు సరిపోతుంది. కానీ రెండు సగాలు అతికించకముందే పెట్టాలి. తర్వాత దారి ఉండదు. సీసం గుళ్లు వాడొద్దు, పిల్లల చేతుల్లో అది విషం.

సుఖోయ్ గాలి పీల్చుకునే నోళ్లలో ఒక వివరం ఉంది. ఈ వంశపు విమానాలకు నేల మీద ఉన్నప్పుడు ఆ నోళ్ల లోపల సన్నని లోహపు జల్లెడ పైకి లేస్తుంది. గులకరాయి లాంటిది ఇంజన్‌లో పడితే బ్లేళ్లు పోతాయి. గాలిలోకి లేచాక జల్లెడ ముడుచుకుంటుంది. ఊళ్ల మధ్య నుంచి పోయే రోడ్డు మీద దిగాల్సిన విమానానికి ఆ జల్లెడ ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. చౌక కిట్లలో నోట్లోంచి చూస్తే విమానం లోపలి బోలు అంతా కనిపిస్తుంది. మంచి కిట్లలో నోటి వెనుక సొరంగం, చివర ఇంజన్ ముఖం వరకు ఉంటాయి. ఒక కిట్‌కూ మరోదానికీ మధ్య ఊగిసలాడుతుంటే ఈ నోళ్లు చూసి తేల్చుకోవచ్చు.

ఫోటోలతో సరిపెట్టుకోకుండా నిజమైన యంత్రం పక్కన నిలబడాలనుకునేవాళ్లు విశాఖపట్నం వెళ్లండి. బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం ఉంది, 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అది జెట్ కాదు, పంకాలతో ఎగిరే పెద్ద నౌకాదళ విమానం. అయినా రేకుల అతుకులు, బోల్టులు, నూనె మరకలు ఎక్కడ ఎలా పడతాయో దాని కింద నిలబడి చూస్తే తెలుస్తుంది. అదే ఊళ్లో సీ హారియర్ జెట్‌ను కూడా ప్రదర్శనకు ఉంచారు. చక్రం గుంతలు, నోళ్ల లోపలి భాగం, రెక్క వెనుక అంచు ఫోటో తీసుకోండి. పెట్టె మీది బొమ్మ చూపించనివి ఇవే. సూర్యలంక లాంటి పనిచేసే సైనిక కేంద్రాల దగ్గర మాత్రం కెమెరా బయటికి తీయవద్దు.

ఇంతా చెప్పాక, మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. సుఖోయ్‌తో మొదలుపెట్టకండి. 1/72లో హాక్ 132 తీసుకోండి. ఒకే ఇంజను, తక్కువ భాగాలు, చిన్న అతుకులు. ముక్కు బరువు పాఠం, అతుకు పాఠం, మూత పాఠం అన్నీ అందులోనే ఉన్నాయి, నష్టపోయినా పెద్దగా నష్టం లేదు. అది నచ్చినట్టు వచ్చాక జ్వెజ్దా ఎస్‌ఎం పెట్టె, భారత గుర్తుల కాగితం, ఇద్దరు పైలట్ల బొమ్మలు తెచ్చుకోండి. డబ్బు కట్టే ముందు పెట్టె మీది పేరులో చివరి అక్షరాలు ఇంకోసారి చదవండి.